బెయిలిఫ్ వచ్చాడు, తలుపు తియ్యాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. నిరుడు మిల్టన్ కీన్స్ నుంచి ఇల్లు మారాం. మొన్న మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా బాకీలు వసూలు చేసే బెయిలిఫ్ ఒకడు వచ్చి, గుంటూరు నుంచి వచ్చిన మా మామగారి చేతిలో ఒక కాగితం పెట్టి వెళ్లాడు. మా పాత డీజిల్ కారు హీత్రోకి వెళ్లిన రోజున యూలెజ్ రుసుము (లండన్‌లో ఎక్కువ పొగ వదిలే బళ్లకి వేసేది) కట్టలేదట. ఇప్పుడు 590 పౌండ్ల దాకా కట్టాలని, లేకపోతే కారు, సామాన్లు పట్టుకుపోతామని అందులో ఉంది. అంతకుముందు మాకు ఒక్క ఉత్తరమూ రాలేదు. కారు మావారి పేరు మీద ఉంది. బెయిలిఫ్ ఇంట్లోకి రావచ్చా? నా లాప్‌టాప్ తీసుకుపోతాడా? వీసాకి ఏమైనా ఇబ్బందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ మామగారితో మాట్లాడండి. ఎవరొచ్చినా లోపలికి రమ్మని కుర్చీ వెయ్యడం మన పెద్దవాళ్లకి అలవాటు. ఈ విషయంలో ఆ మర్యాదే కొంప ముంచుతుంది. ఇలాంటి బాకీకి బెయిలిఫ్ మొదటిసారి వచ్చినప్పుడు తలుపు బద్దలుకొట్టి రాకూడదు, మనిషిని నెట్టుకుని రాకూడదు, కిటికీలోంచి దూరకూడదు. కానీ తలుపు తీసి ఉంటే నడిచి రావచ్చు. అలా వచ్చి సామాన్ల జాబితా రాసి, దాని కింద సంతకం పెట్టించుకున్నాడనుకోండి, ఒప్పుకున్న ప్రకారం కట్టకపోతే తర్వాతిసారి బలవంతంగా కూడా లోపలికి రావచ్చు. అందుకని గొళ్లెం పెట్టి ఉంచండి. మాట్లాడాలంటే తలుపు అవతలి నుంచే. కాగితాలు ఉత్తరాల కంతలోంచి వెయ్యమనండి. దేని మీదా సంతకం వద్దు.

రాకపోకలకి ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకానే టైము. ఇంట్లో 16 ఏళ్లలోపు పిల్లలు మాత్రమే ఉన్నా, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లు మాత్రమే ఉన్నా లోపలికి రాకూడదు. ఇంగ్లీషు అర్థం కాక ఇబ్బంది పడేవాళ్లను కూడా ఈ కోవలో చూడాల్సి రావచ్చని అక్కడి జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. మామగారి సంగతి ఆ బెయిలిఫ్ కంపెనీకి ఈమెయిల్‌లో ఇప్పుడే రాసి పెట్టండి. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది.

మీ లాప్‌టాప్ జోలికి రాకూడదు. బాకీ మీవారిది కాబట్టి ఆయన వస్తువుల మీదే హక్కు. కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి. ఇద్దరి డబ్బుతో కొన్న టీవీ అయితే మాత్రం తీసుకునే వీలుంది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు లాంటి నిత్యావసరాలు ముట్టుకోకూడదు.

నిజానికి అతని కన్ను ఉండేది కారు మీద. ఇంట్లో అడుగు పెట్టకుండానే వీధిలో ఉన్న కారుకి క్లాంప్, అంటే కదలకుండా చక్రానికి తాళం, బిగించవచ్చు. హైర్ పర్చేజ్ మీద, అంటే వాయిదాలు పూర్తయ్యాకే సొంతమయ్యే పద్ధతిలో, కొన్న కారైతే అది ఇంకా మీవారి సొంతం కాదు, ఆ అగ్రిమెంట్ కాపీ కంపెనీకి పంపండి. ఈలోగా కారుని ఇంటికి దూరంగా పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక 590 ఎలా అయిందో చూద్దాం. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ లండన్ బరోలన్నిటికీ (నగరంలోని పాలనా విభాగాలు) పాకింది, హీత్రో అందులోనే ఉంది. ప్రమాణాలకు సరిపడని కారుకి రోజుకి 12.50 పౌండ్లు. కట్టకపోతే 180 పౌండ్ల పీసీఎన్, అంటే జరిమానా నోటీసు, 14 రోజుల్లో కడితే 90. పట్టించుకోకపోతే సగం కలిసి 270. ఆపైన కొద్దిగా కోర్టు ఫీజు. తర్వాత బెయిలిఫ్ నోటీసుకి 75, ఇంటికి వచ్చినందుకు 235. ఈ రెండూ 2014 నిబంధనల్లో పెట్టిన అంకెలు.

ఉత్తరాలన్నీ ఎక్కడికి వెళ్లాయి? మిల్టన్ కీన్స్ ఇంటికే అయి ఉంటాయి. డ్రైవింగ్ లైసెన్స్‌లో అడ్రస్ మార్చుకుని, కారు లాగ్‌బుక్‌లో, అంటే వి5సిలో, మార్చడం మర్చిపోయేవాళ్లు చాలామంది. రెండూ బళ్ల, లైసెన్సుల రికార్డులు చూసే డీవీఎల్ఏ దగ్గరే ఉన్నా విడివిడి రికార్డులు, ఒకటి మారిస్తే రెండోది మారదు. పీసీఎన్ వెళ్లేది లాగ్‌బుక్‌లోని అడ్రస్‌కి.

మీరు బెయిలిఫ్‌తో ఎంత వాదించినా లాభం లేదు. పీసీఎన్ అందిందా లేదా అని తేల్చే అధికారం అతనికి లేదు. ఆ పని నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్ అనే కోర్టు విభాగానిది. అక్కడికి మీవారు తన పేరు మీద పీఈ2, పీఈ3 ఫారాలు పంపాలి. మొదటిది ఆలస్యానికి కారణం చెప్పేది, రెండోది పీసీఎన్ తనకి అందలేదని ఇచ్చే ప్రమాణ ప్రకటన. వాటి మీద సొలిసిటర్ (లాయరు) ముందో, కౌంటీ కోర్టు అధికారి ముందో ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. కోర్టులో దీనికి డబ్బు తీసుకోరు. ఇల్లు మారిన తేదీ, అద్దె అగ్రిమెంట్, బెయిలిఫ్ కాగితం చేతికి వచ్చిన రోజు రాయండి. అబద్ధం మాత్రం ఒక్కటీ వద్దు. తెలిసి తప్పుడు ప్రమాణం చేస్తే 1911 నాటి పెర్జురీ చట్టం కింద నేరం, రెండేళ్ల దాకా జైలు.

దరఖాస్తు తీసుకున్నాక నిర్ణయం వచ్చేదాకా బెయిలిఫ్‌ని ఆపుతారు. పంపిన కాపీ అతని కంపెనీకీ పెట్టండి. లాగ్‌బుక్ మార్చకపోవడం మీ తప్పేనని యూలెజ్ వసూలు చేసే లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ అడ్డు చెప్పవచ్చు, అందుకే కారణం వివరంగా ఉండాలి. సెంటర్ కాదంటే 14 రోజుల్లో ఎన్244 ఫారంతో జడ్జిని అడగవచ్చు, దానికి ఫీజు ఉంటుంది. ఒప్పుకుంటే ఈ బాకీ వసూలుకిచ్చిన కోర్టు ఉత్తర్వు, దానితోపాటు బెయిలిఫ్ ఖర్చులు పోతాయి. అసలు పీసీఎన్ పోదు, టీఎఫ్ఎల్ మళ్లీ మొదటి నుంచి పంపవచ్చు. అది వచ్చినప్పుడు రాయితీ గడువులోగా కట్టెయ్యండి. 590 కాస్తా 90కి దిగుతుందంటే ఈ శ్రమ దండగేమీ కాదు.

వీసా గురించి అంత భయం వద్దు. ఇది సివిల్ బాకీ, క్రిమినల్ శిక్ష కాదు. జైలు లేదు, క్రెడిట్ రికార్డులోకీ ఎక్కదు. వీసాలు చూసే హోం ఆఫీసు ఫారంలో జరిమానాల గురించి ఏ ప్రశ్న అడిగితే దానికి ఉన్నదున్నట్టు చెప్పండి, అంతే.

ఈరోజే వి5సిలో అడ్రస్ మార్చండి, ఆన్‌లైన్‌లో ఉచితం. మార్చకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అలాగే అత్తమామల్ని తీసుకురావడానికి, స్నేహితుల్ని దింపడానికి ఆ కారులో హీత్రోకి ఇంకెన్నిసార్లు వెళ్లారో లెక్క చూసుకోండి. రోజుకొక పీసీఎన్ చొప్పున పడుతుంది. మీ కారు నంబరు మీద ఇంకేమైనా ఉన్నాయేమో టీఎఫ్ఎల్‌కి ఫోన్ చేసి అడగండి. ఉంటే ఒక్కోదానికీ ఫారాలు విడిగా నింపాలి.