ఏఐ చదివే డాక్యుమెంట్ రాయడమూ ఒక పనేనా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక చిన్న కంపెనీవాళ్లు కోడింగ్ ఇవ్వకుండా, చాట్‌లో మెసేజ్‌కి ఎమోజీ రియాక్షన్ పెట్టే టూల్‌ని ఎలా వాడాలో ఏఐ ఏజెంట్ల కోసం రాయమన్నారట. బొటనవేలు బొమ్మ పెట్టడానికి అన్ని పేజీలు రాయాలా? ఎంసీఏకి చదువుకోమంటే వినడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తండ్రి

జవాబు: ఎంసీఏ విషయంలో నాదీ మీ మాటే. దాని ప్రవేశ పరీక్ష ఐసెట్ తప్పకుండా రాయించండి. అయితే ఈ పని మాత్రం మాన్పించకండి. చూడ్డానికి చిన్నదిగా ఉన్నా, ఇందులో అమ్మాయి నేర్చుకునేది చాలా ఉంది.

మనం వాట్సాప్‌లో మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే ఎమోజీలు వరసగా కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుంటే పని అయిపోతుంది. ఏజెంట్‌కి, అంటే మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రామ్‌కి, ఆ తెర ఉండదు. ఏ చానెల్, ఏ మెసేజ్, ఏ ఎమోజీ అన్నది కమాండ్‌గా పంపాలి. అది ఎలా పంపాలో దానికి తెలిసేది అమ్మాయి రాసిన నాలుగు వాక్యాల నుంచే. కొత్తగా చేరిన ఉద్యోగి అర్థంకాకపోతే పక్క సీటువాళ్లని అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు, తనకు తోచింది నింపి పంపేస్తుంది. అందుకే ఇక్కడ ప్రతి మాటా లెక్కే.

ఆఫీసుల్లో వాడే చాట్ యాప్ స్లాక్ సంగతే తీసుకోండి. అక్కడ చేతులు జోడించిన ఎమోజీ పేరు ‘ప్రే’. డాక్యుమెంట్‌లో ఆ పేరు లేకపోతే ఏజెంట్ ‘నమస్తే’ అని పంపొచ్చు, పేరు చెల్లదని ఎర్రర్ వస్తుంది. పేరుకి అటూ ఇటూ కోలన్లు పెట్టకూడదని కూడా రాయాలి. ఇక మెసేజ్‌ని గుర్తుపట్టేది దాని టైమ్‌స్టాంప్‌తో, అంటే అది పంపిన సమయాన్ని చూపే అంకెతో. అది చూడ్డానికి దశాంశ సంఖ్యలా ఉంటుంది కానీ దాన్ని టెక్స్ట్‌గానే పంపాలి. సంఖ్యగా మారిస్తే చివరి సున్నాలు ఎగిరిపోతాయి, అప్పుడు మెసేజ్ దొరక్కపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి: అదే ఎమోజీని రెండోసారి పెడితే ‘ఆల్‌రెడీ రియాక్టెడ్’ అని ఎర్రర్ వస్తుంది. పని కాలేదనుకుని ఏజెంట్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ‘ఈ ఎర్రర్ వస్తే పని అయినట్టే, మళ్లీ పంపొద్దు’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ తిప్పలే ఉండవు. ఆ వాక్యం రాయాలని తట్టిందంటే అమ్మాయి ఇంజనీర్‌లా ఆలోచిస్తున్నట్టే.

పెట్టిన రియాక్షన్ తీసెయ్యడం కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. స్లాక్‌లో దానికి వేరే కమాండ్ ఉంది. వాట్సాప్‌లో ఎమోజీ స్థానంలో ఖాళీ పంపితే పోతుంది, టెలిగ్రామ్‌లో ఖాళీ జాబితా పంపాలి.

ఎలా పెట్టాలో రాసి ఊరుకుంటే సగం పనే. ఎప్పుడు పెట్టకూడదో కూడా రాయాలి. ఆఫీసు గ్రూపులో ఎవరో ‘నాన్నగారు పోయారు, వారం రోజులు రాలేను’ అని పెట్టారనుకోండి. మెసేజ్ చేరిందని తెలియజేయడానికి ఏజెంట్ బొటనవేలు పెడితే ఆ ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుంది? సెలవు అడిగిన మెసేజ్, చావు కబురు, డబ్బు విషయం, ఇలాంటివాటికి ఏజెంట్ తనంతట తాను రియాక్షన్ పెట్టకుండా మనిషికి వదిలెయ్యాలని స్పష్టంగా రాయాలి. ఇది కోడింగ్ పుస్తకంలో దొరికేది కాదు. నలుగురి మధ్య పెరిగిన పిల్లకి తెలుస్తుంది.

ఇక ఉద్యోగం మాట. కేవలం ఏజెంట్ల కోసం రాయడమే పనిగా ఫ్రెషర్‌ని తీసుకునే చోట్లు తక్కువ, ఆ ఆశ మీద చదువు ఆపొద్దు. ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే పద్ధతి) డాక్యుమెంటేషన్, టెస్టింగ్, సపోర్ట్ ఇంజనీరింగ్, ఈ మూడింటికీ ఇది పనికొస్తుంది. మీకు బెంగళూరు, చెన్నై రెండూ దగ్గరే, అవకాశాలూ ఎక్కువ అక్కడే. ఏఐకి టూల్స్‌ని కలపడానికి ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఓపెన్ ప్రమాణం విడుదల చేసింది. అందులో ప్రతి టూల్‌కీ పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలి అన్నది రాస్తారు. అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా ఆ పనే కాబట్టి, పైథాన్‌తో పాటు దాన్నీ నేర్చుకోమనండి.

ఒక్క షరతు పెట్టండి. రాసిన ప్రతి వాక్యాన్నీ టెస్ట్ చానెల్‌లో నడిపించి చూడాలి. డాక్యుమెంట్ తప్ప ఇంకేమీ ఇవ్వకుండా ఏజెంట్‌తో పని చేయించి, అది ఎక్కడ తడబడితే అక్కడ తిరగరాయాలి. ముందు ఎలా రాసింది, ఏం తప్పు జరిగింది, ఎలా మార్చింది, ఈ మూడూ దాచిపెట్టుకుంటే రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కన్నా అదే గట్టిది. కంపెనీవాళ్ల పత్రాలు బయట పెట్టాలంటే వాళ్ల అనుమతి అడగాలి. ఒప్పుకోకపోతే డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో సొంతంగా చిన్న బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) చేసి, దానికి ఇలాంటి డాక్యుమెంటే రాసి కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పెట్టుకోమనండి. పగలు ఇంటర్న్‌షిప్, సాయంత్రం ఐసెట్ ప్రిపరేషన్. రెండూ సాగుతాయి, అమ్మాయితో కూర్చుని టైమ్‌టేబుల్ వేయండి.