స్కూలు గేటు దగ్గర కస్టడీ దొరకదు

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. 14 నెలల క్రితం నా భార్య మా పాపను తీసుకుని కరీంనగర్‌లోని పుట్టింటికి వెళ్లిపోయింది. పాపకు నాలుగేళ్లు దాటాయి. ఆవిడకు వేరే సంబంధం ఉందని నా దగ్గర వాట్సాప్ చాటింగులు ఉన్నాయి. ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు వేశాను. మనవరాలి కోసం మా అమ్మ రోజూ ఏడుస్తోంది. తండ్రే సహజ సంరక్షకుడు, స్కూలు నుంచి తెచ్చేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. ఐదేళ్లు నిండితే పాప ఎలాగూ నాకే వస్తుందని మేనమామ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు మీ భార్య గురించే. పాప ఏ స్కూల్లో చదువుతోంది, ఒంట్లో బాగాలేకపోతే ఎవరు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు, ఈ 14 నెలల్లో మీరు ఎన్నిసార్లు వెళ్లి చూశారు? వీటి గురించి ఒక్క ముక్క లేదు. మీ కేసు తేలేది మాత్రం అక్కడే.

హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, 1956లోని 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకుడు అంటుంది, నిజమే. ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఆ సెక్షనే చెబుతుంది. మీ ఫ్రెండ్ అక్కడిదాకా చదివినట్టు లేదు. మేనమామ గారి లెక్కా తప్పే. ఐదేళ్లు నిండిన మర్నాడు పాప మీ చేతికి రాదు. అదే చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఏ వయసులోనైనా బిడ్డ క్షేమమే మొదట చూస్తారు. అప్పటికి పాప రెండేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే స్కూల్లో కుదురుకుని ఉంటుంది. ఆ కుదురును చెదరగొట్టడానికి ఏ జడ్జీ తొందరపడరు. కస్టడీ పిటిషన్‌కు లిమిటేషన్ గడువు లేదు కదా అని ఊరుకుంటే, గడిచే ప్రతి నెలా అవతలి పక్షానికి సాక్ష్యం అవుతుంది. 14 నెలలు మీరు చేసిన పని అదే.

చాటింగుల సంగతికొస్తే, అవి విడాకుల కేసులో పనికొస్తాయి, ఆ ఫోన్ ఫార్మాట్ చేయకండి. కస్టడీలో కోర్టు చూసేది వేరు: ఆవిడ ప్రవర్తన వల్ల పాపకు ఏం నష్టం జరిగింది? దానికి రుజువు లేకపోతే ఆ కాగితాలు మీ కోపాన్ని మాత్రమే చూపిస్తాయి. జీతం ఎక్కువన్న మాటా నిలవదు. తల్లికి ఆదాయం తక్కువైతే పాప ఖర్చు మిమ్మల్నే ఇవ్వమంటారు.

ఇక స్కూలు నుంచి తెచ్చుకోవడం. ఆ పని చేయకండి. ఆవిడ హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) వేస్తే, పాపను తీసుకుని మీరే కోర్టులో నిలబడాలి. తిరిగి అప్పగించమంటే అప్పగించాలి. ఆ తర్వాత మీరు పాపను చూడటానికి అనుమతి అడిగిన ప్రతిసారీ అవతలి లాయరు ఈ సంగతే ఎత్తుతారు.

మీకు దారి లేకపోలేదు. విడాకుల కేసు నడుస్తోంది కాబట్టి అందులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఐఏ (నడుస్తున్న కేసులోనే వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి. విడిగా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేయాలంటే పాప ఉంటున్న కరీంనగర్‌లోనే వేయాలి. (ఆవిడ విడాకుల కేసును అక్కడికి మార్చమని హైకోర్టును అడగొచ్చు, దానికీ సిద్ధంగా ఉండండి.) ఐఏలో కస్టడీ కోసం పట్టుబట్టకుండా ముందు పాపను కలిసే హక్కు అడగండి: నెలకు రెండు ఆదివారాలు, దసరా, వేసవి సెలవుల్లో కొన్ని రోజులు, రోజూ వీడియో కాల్. దూరంగా ఉన్న తల్లికో తండ్రికో వీడియో కాల్ అవకాశం ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కస్టడీ ఆర్డర్ శాశ్వతం కాదు, పరిస్థితులు మారితే మళ్లీ అడగొచ్చు.

ఈలోగా స్కూలు ఫీజు, నెల ఖర్చు బ్యాంకు ద్వారా పంపండి, చేతికి క్యాష్ ఇవ్వకండి. కరీంనగర్ వెళ్లిన ప్రతిసారీ టికెట్ దాచండి. గుమ్మంలోంచి వెనక్కి పంపినా గొడవపడకుండా, వచ్చి వెళ్లానని వెంటనే మెసేజ్ పెట్టండి. మీరు ఆఫీసులో ఉంటే పాపను ఎవరు చూస్తారని జడ్జిగారు తప్పక అడుగుతారు. అమ్మగారు చూస్తారంటే ఆవిడ వయసు, ఆరోగ్యం గురించీ జవాబు ఉండాలి. ఐఏతో ఇచ్చే అఫిడవిట్‌లో భార్య గురించి ఒక్క పేరా చాలు, మిగతాదంతా పాప గురించి రాయించండి.