1908కి వెళ్ళిన నీ నాయిక గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి మొత్తం చదివాను. మెహదీపట్నంలో పుట్టి పెరిగిన సాఫ్ట్‌వేర్ అమ్మాయి 1908 హైదరాబాదులో, ఓ జాగీర్దారు కొడుకు ఎదుట తేలడం నాకు బాగా నచ్చింది. ఎలా వెళ్ళిందన్నది ఒక్క పేరాలో తేల్చేసి మంచి పని చేశావు. యంత్రాలూ లెక్కలూ ఈ కథకు అక్కర్లేదు.

నన్ను ఆపిన చోటు గండిపేట. ఇద్దరూ వెన్నెల్లో ఆ చెరువు గట్టున కూర్చున్నారని రాశావు. 1908లో ఆ చెరువు లేదమ్మా. ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఎగువన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోయి, అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మళ్ళీ అలాంటి వరద రాకుండా కట్టిందే ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1920లో పూర్తయింది.

ఆ సన్నివేశం కొట్టేసి ఇంకోచోట కూర్చోబెడితే సరిపోదు. నీ నవల ప్రాణం ఇక్కడే ఉంది. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదలలేరంటారు కదా! నీ నాయిక ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల. ఆ నీళ్ళు రావాలంటే ముందు ఆ వరద రావాలి. ఆమె ప్రేమించినవాడి దేవిడి, అంటే ఆ జాగీర్దారు భవంతి, చూస్తే మూసీ ఒడ్డునే ఉంది.

నువ్వేమో ఆమెకు వరద సంగతి ముందురోజు రాత్రి గుర్తు చేశావు. అంత ఆలస్యంగానా? ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారన్న మాట హైదరాబాదు పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. తను వచ్చిపడింది ఏ సంవత్సరంలోనో తెలిసిన రోజునే ఆమె గుండెలో రాయి పడాలి. సెప్టెంబర్ అని గుర్తుంది, తారీఖు గుర్తులేదు. ఫోన్ తీసి చూద్దామంటే నెట్ లేదు. ఇక ప్రతి వానకీ టెన్షనే. ఈసారి పంటలు బాగుంటాయని అతను మురిసిపోతుంటే, ఆమె మాట్లాడకుండా నదివైపు చూస్తుంటుంది. నాకైతే వెన్నెల గట్టుకన్నా ఇదే పెద్ద ప్రేమ సన్నివేశం.

నీ నాయకుడు మరీ మంచివాడైపోయాడు. ఆమె ఏమన్నా తలూపుతాడు. ఇప్పటి కుర్రాడికి షేర్వానీ తొడిగినట్టుంది. జాగీరు ఊళ్ళ నుంచి వెట్టికి వచ్చినవాళ్ళు దేవిడిలో నీళ్ళు మోస్తుంటే అతని కంటికి ఆనరు. ఆమెకు ముందు కనిపించేది వాళ్ళే. ఎండలో నడిచొచ్చిన ముసలాయన చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాడనుకో. అతను ఆ మనిషికేసి చూడకుండానే ఏదో పని పురమాయించి, మధ్యలో ఆగిన గజల్ మళ్ళీ అందుకున్నాడు. అప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో రాయి. అతన్ని వట్టి దుర్మార్గుణ్ణి చెయ్యకు, అతనికీ ఓ వాదన ఉంటుంది, దాన్ని పూర్తిగా చెప్పనివ్వు. ఇదంతా చూశాక కూడా ఆమెకు అతని మీద ప్రేమ మిగిలితే, అప్పుడు మేం నమ్ముతాం.

ఇంకోటి. జీన్స్ వేసుకున్న పరాయి ఆడపిల్ల జాగీర్దారు కొడుకుతో గంటలు గంటలు కబుర్లు చెప్పడం ఆ ఇంట్లో సాగదు. పరదా ఉన్న ఇల్లది. ఆమెను నేరుగా జనానాలోకి, అంటే ఆడవాళ్ళుండే భాగంలోకి, పంపేస్తారు. అంటే ఆమె ఎలాంటిదో ముందు తేల్చేది అతని తల్లి, మేనత్త, ఆ ఇంట్లోనే ముసలిదైపోయిన దాసి. కథకు అడ్డం వస్తుందని నువ్వు వాళ్ళను పక్కనపెట్టినట్టున్నావు. నేనైతే సగం నవల అక్కడే నడుపుతాను. అతని చిన్నతనం, కోపాలు, భయాలు ఆమెకు వాళ్ళ నోటనే తెలియాలి. రాబోయే వరద గురించి ఆ తల్లికి ఒక్కదానికే చెబితే? ఆవిడ నమ్ముతుందా, లేక పిల్లకు మతిపోయిందని తలుపు గడియ వేయిస్తుందా?

"మీ కాలంలో మా దేవిడి ఉందా?" అని అతను అడిగే మాట నవల మొత్తంలో నాకు బాగా నచ్చింది. కానీ మరుసటి వాక్యంలోనే ఆమెతో నిజం చెప్పించేశావు. చెప్పించకు. దేవిడి ఏమైందో, 1949లో జాగీర్లే రద్దయిపోతాయనీ ఆమెకు తెలుసు. కొన్ని అధ్యాయాలు ఆ జవాబు ఆమె నోరు దాటకూడదు.

హైకోర్టు భవనం కూడా తీసెయ్యి, అది వరద తర్వాత కట్టింది. పురానాపూల్ ఉంచుకో, 1578 నాటిది, ఆ వరదకూ నిలిచింది. ముందు జనానా అధ్యాయం రాసి పంపు. మిగతావి దాన్ని చదివాక మాట్లాడుకుందాం.