రెడ్ అని గట్టిగా చెప్పు తల్లీ

చిరంజీవి అమ్మలుకి పెద్ద మామయ్య ఆశీస్సులు.

నువ్వు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షలు రాశావని, ఆప్టిట్యూడ్ టెస్టు కూడా గట్టెక్కావని, ఇక సర్టిఫికెట్ల పరిశీలన, మెడికల్ మాత్రమే మిగిలాయని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. సర్వీసంతా ఇంజిన్‌లోనే గడిపిన మేనమామ ఒకడున్నాడు కదా, ఒక్క ముక్క నాకు చెప్పాలనిపించలేదా నీకు? రాత్రంతా కోపంగానే ఉన్నాను. పొద్దున్నే పాలవాడి దగ్గర్నుంచి ఎదురింటి మాస్టారి దాకా అందరికీ చెప్పేశాను, మా మేనకోడలు ఇంజిన్ ఎక్కబోతోందని.

నేను డీజిల్ అసిస్టెంట్‌గా చేరిన రోజుల్లో మా బెజవాడ లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీకి సంతకం పెట్టేచోట, ఆడపిల్ల అన్నమాటే లేదు. 1989లో సెంట్రల్ రైల్వేలో సురేఖా యాదవ్ అసిస్టెంట్ డ్రైవర్ అయిందని తెలిసినప్పుడు, ఎన్నాళ్లుంటుందో చూద్దాం అన్నవాళ్లే ఎక్కువ. ఆవిడ వందే భారత్ దాకా నడిపి 2025లో రిటైరైంది. అందుకని ఆడపిల్లవి, ఈ ఉద్యోగం నీకెందుకు అని నేను అనను. నా భయాలు వేరే ఉన్నాయి.

ముందు చిన్న విషయాలు. మెడికల్‌లో ఫిట్ అని వచ్చి, చేరమనే ఉత్తర్వు చేతికి అందేదాకా నీ పోలీసు ఉద్యోగానికి రాజీనామా మాట ఎత్తకు. లోకో పైలట్లకు ఏ-1 కేటగిరీ, కళ్ల దగ్గర ఏమాత్రం రాజీ ఉండదు. అందులో తప్పితే బదులుగా ఇంకో పోస్టు ఇవ్వరు. కళ్లజోడు తప్పించుకోవడానికి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను అసలే తీసుకోరు. అభ్యంతరం లేదని మీ శాఖ ఇచ్చిన ఎన్‌ఓసీ కాగితం జాగ్రత్తగా పెట్టుకో. రాజీనామా రాసేటప్పుడు మామూలు రాజీనామా రాయకు, టెక్నికల్ రెజిగ్నేషన్ అని రాయాలి. పాత సర్వీసు లెక్కలోకి రావాలంటే అదే దారి. మీ ఆఫీసు సూపరింటెండెంట్‌ను అడిగి ఆయన ముందే రాయి. జీతం గురించి మీ అమ్మ బెంగపడుతోంది. ఏడో వేతన సంఘం లెక్కలో మొదటి బేసిక్ 19,900, నీకు ఇప్పుడొచ్చేదానికన్నా తక్కువే కనిపిస్తుంది. కానీ మనకి కిలోమీటర్ల లెక్కన రన్నింగ్ అలవెన్స్ ఉంటుంది. బండెక్కడం మొదలయ్యాక ఇబ్బంది ఉండదని ఆమెకు నేను చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి.

నువ్వు పోలీసు శాఖలో మంచి కానిస్టేబుల్‌వని పేరు తెచ్చుకున్నావు. అక్కడ మంచి కానిస్టేబుల్ అంటే ఏమిటో నాకు తెలుసు. ఎస్సై గారు చెప్పింది చెప్పినట్టు చేయాలి. ఆయన పొరపడ్డారని తెలిసినా నలుగురిలో నోరెత్తకూడదు. 'సార్' అని సెల్యూట్ కొట్టి ఊరుకోవాలి. నీకది ఒంటికి పట్టేసి ఉంటుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను కదా, నేను గొంతు పెంచితే లేచి నిలబడ్డావు. ఆ అలవాటుతో ఇంజిన్ ఎక్కితే ప్రమాదం.

నాతోపాటు ట్రైనింగ్ అయిన ఒకబ్బాయి సంగతి చెబుతాను. పేరు ఎందుకులే. ఒకే గదిలో ఉండేవాళ్లం. రూల్స్ పుస్తకం వాడికి వచ్చినట్టు మా బ్యాచ్‌లో ఎవరికీ రాదు. చాలా నెమ్మదస్తుడు. ఇంట్లో తండ్రి ముందు కూర్చోవడానికి కూడా జంకేవాడు. అసిస్టెంట్‌గా చేరాక వాడికి తరచుగా ఒక పెద్ద డ్రైవర్‌తో డ్యూటీ పడేది. ఆయన మంచివాడే, పనిమంతుడే. కాకపోతే కుర్రాళ్లు సలహా చెబితే పడేది కాదు. 'నువ్వు పుట్టకముందు నుంచి నడుపుతున్నా' అనేవాడు.

ఒకరాత్రి వాళ్ల గూడ్సును చిన్న స్టేషన్‌లో లూప్ లైన్‌లో, అంటే మెయిన్ లైన్ పక్కన బండ్లను ఆపే లైన్‌లో పెట్టారు. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది, అది దాటిపోయాక వీళ్లని వదులుతారు. చాలాసేపు నిలబెట్టారు. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య కళ్లు తెరిచి ఉన్నా బుర్ర పనిచేయని వేళ ఒకటుంటుంది, నైట్ డ్యూటీలు చేశావు కాబట్టి నీకూ తెలుసు. డ్రైవర్ గారికి కునుకు పట్టింది. ఉలిక్కిపడి తల ఎత్తేసరికి ఎదురుగా పచ్చలైటు. అది మెయిన్ లైన్ స్టార్టర్, అంటే స్టేషన్ నుంచి బండిని బయటికి వదిలే సిగ్నల్, ఎక్స్‌ప్రెస్ కోసం ఇచ్చింది. వీళ్ల లూప్ స్టార్టర్ పక్కనే ఎర్రగా ఉంది. ఆయన బ్రేక్ వదిలి, బండి కదలడానికి నాచ్ తీశాడు.

మావాడు చూశాడు. ఎరుపు చూశాడు, బండి కదలడం చూశాడు. తర్వాత నాతో అన్నాడు, 'అంత సర్వీసున్న మనిషికి తెలియకుండా ఉంటుందా, నాకే ఏదో అర్థం కాలేదేమో అనుకున్నాన్రా' అని. ఆ అనుమానంలోనే కొన్ని క్షణాలు పోయాయి. ఆ తర్వాత 'సార్' అన్నాడట, మెల్లగా. ఆ ఇంజిన్ మోతలో ఆ పిలుపు ఎవరికి వినబడుతుంది? మళ్లీ 'సార్, సిగ్నల్...' అన్నాడట. వాడి చేతికి అందేంత దూరంలో అసిస్టెంట్ వైపు ఎమర్జెన్సీ బ్రేక్ ఉంది. పెద్దాయన ఉండగా నేను వేయడమేమిటి అనుకున్నాడు. ఇంజిన్ ఎర్ర సిగ్నల్ దాటి, లూప్ చివర బండిని ఆపడానికి పోసే ఇసుక దిబ్బ, శాండ్ హంప్‌లోకి దూరి, ముందు చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎక్స్‌ప్రెస్‌ను స్టేషన్ మాస్టర్ స్టేషన్‌కు ముందుండే హోమ్ సిగ్నల్ దగ్గరే ఆపగలిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అది దేవుడి దయ.

విచారణలో డ్రైవర్ గారు ఒక్క మాట అడిగారట వాడిని: 'ఎందుకు అరవలేదురా?' అని. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. పెద్దాయన రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్నారు. మావాడు రైసు మిల్లులో గుమస్తాగా చేరాడు. రూల్స్ పుస్తకం మొత్తం అప్పజెప్పగల మనిషి బస్తాల లెక్క రాసుకున్నాడు. ఏ పెళ్లిలోనో కలిస్తే పక్కన కూర్చుంటాడు గాని బండ్ల ఊసు ఎత్తడు.

అందుకే చెబుతున్నా. సిగ్నల్ కనబడగానే పేరు పెట్టి, రంగు చెప్పి, చెయ్యి చూపించి గట్టిగా పలకాలి. 'డిస్టెంట్ డబుల్ ఎల్లో', 'హోమ్ ఎల్లో', 'లూప్ స్టార్టర్ రెడ్'. లోకో పైలట్ తిరిగి పలకాలి. ఆయన పలకకపోతే మళ్లీ గట్టిగా అరవాలి. అప్పటికీ బండి తగ్గకపోతే నువ్వే బ్రేక్ వెయ్యి. రూలే అలా ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒకవేళ నువ్వే పొరబడి బండి ఆపావనుకో, నాలుగు తిట్లు పడతాయి, కాగితం రాయాల్సొస్తుంది. రాద్దువుగాని. ఇంట్లో ఇప్పటినుంచే గొంతు తెరిచి ప్రాక్టీసు చెయ్యి. మీ అమ్మ నవ్వినా సరే.

బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వచ్చింది కదా మామయ్యా అంటావేమో. మంచిదే. ముందుగా పెట్టింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిడ్డ మధ్య రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపి రైల్వే మంత్రి ఉండగా పరీక్షించారు. రెడ్ దాటబోతే అదే బ్రేక్ వేస్తుంది. కానీ అన్ని లైన్లకూ, అన్ని ఇంజిన్లకూ ఇంకా రాలేదు. వచ్చిన చోట కూడా నీ నోరు నీకుండాలి.

ఒకే లైన్లో బండి వెనక బండి నడిచే ఆటోమేటిక్ సెక్షన్ రూల్స్ మాత్రం అందరికన్నా ఎక్కువ చదువు. అక్కడ ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత ముందు ఏదో ఉందనే అనుకుంటూ మెల్లగా పోవాలి. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనకనుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. వెనక బండి ఇంజిన్‌లో ఉన్న ఇద్దరూ పోయారు. వాళ్ల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడినవాళ్లతో నేను గొడవపడ్డాను. చచ్చిపోయినవాడు బదులు చెప్పుకోలేడు కదమ్మా. నువ్వు ట్రైనింగ్ బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు వాళ్లిద్దర్నీ తలుచుకుని చదువు.

ఇంకో మాట, పరుగెత్తకు. గొడవ ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తడం పోలీసు పని. పట్టాల దగ్గర ఆ పని చేశావంటే నేను ఊరుకోను. ఎవరో చైను లాగుతారు, అది సరిచేయడానికి అసిస్టెంటే దిగాలి. గూడ్సులో ఏ వ్యాగన్ దగ్గరో పొగ వస్తే చీకట్లో కంకర మీద అర కిలోమీటరు పైనే నడవాల్సి వస్తుంది. దిగేటప్పుడు పక్క లైను లేని వైపు దిగు. దిగే ముందు రెండు వైపులా చూడు. మన బండి శబ్దంలో పక్క లైనులో వచ్చే బండి శబ్దం తెలియదు. రెండు వ్యాగన్ల మధ్యలోకి వెళ్లాల్సి వస్తే వాకీటాకీలో లోకో పైలట్‌కు చెప్పి, ఆయన సరే అన్నాకే వెళ్లు. నాకు తెలిసి బండి నడుపుతూ పోయినవాళ్లకన్నా కిందికి దిగి పోయినవాళ్లే ఎక్కువ. నువ్వు ధైర్యవంతురాలివి. ఆ ధైర్యమే నాకు టెన్షన్.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రనోవర్ల సంగతి, అంటే మనుషులు బండి కింద పడటం. నువ్వు శవాలు చూశావు, పంచనామాలకు నిలబడ్డావు. అక్కడ నువ్వు వెళ్లేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇంజిన్‌లో అలా కాదు. మనిషి బతికి ఉండగా చూస్తావు. కొందరు మనవైపే చూస్తారు. హారన్ కొడతావు, బ్రేక్ వేస్తావు. 58 వ్యాగన్ల బొగ్గు లోడు బ్రేక్ వేసిన చోట ఆగదు, కిలోమీటరు దాకా ఈడ్చుకుపోతుంది. నువ్వు చేయగలిగింది ఇంకేమీ ఉండదు. చీరాల దాటాక ఒక ముసలాయన కండువా తీసి పక్కన మడిచి పెట్టి పట్టాల మీద కూర్చోవడం నేను చూశాను. ఆ రోజు బాపట్లలో టీ ఇచ్చిన కుర్రాడితో కూడా మాట్లాడలేకపోయాను. ఇంటికొచ్చి మీ అత్తయ్యకు చెప్పకుండా దాచుకున్నాను, చాలాకాలం నిద్రలో బ్రేక్ కోసం చెయ్యి చాచేవాడినని ఆమే తర్వాత చెప్పింది. నీకు అలాంటిది జరిగితే, జరుగుతుంది తల్లీ, మా మగాళ్లలాగా లోపల దాచుకోకు. బండి నడపలేననిపిస్తే లాబీకి చెప్పి రిలీఫ్ అడుగు. అడగడం నామోషీ కాదు. ఏ వేళయినా నాకు ఫోన్ చెయ్యి. రెండింటికైనా ఎత్తుతాను, నాకు ఎలాగూ ఆ వేళకు మెలకువ వస్తుంది.

నీళ్ల సంగతి మీ అత్తయ్య రాయమంది. బందోబస్తుకు వెళ్తే బాత్‌రూమ్ ఉండదని పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్లు తాగవట కదా. ఇంజిన్లలోనూ అదే బాధ. కొత్తవాటిలో కొన్నింటికి టాయిలెట్ పెడుతున్నారు, చాలావాటిలో లేదు. అమ్మాయిలు నీళ్లు మానేసి మూత్రపిండాల మీదికి తెచ్చుకుంటున్నారు. నీళ్లు మానకు. ఆగిన స్టేషన్‌లో వాకీటాకీలో స్టేషన్ మాస్టర్‌కు చెప్పి దిగి వెళ్లు. బండి ఐదు నిమిషాలు లేటైతే అవనీ. సౌకర్యం లేనిచోట నలుగురు అమ్మాయిలు కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఫోన్ బండెక్కగానే ఆఫ్. పోలీసులకు ఎప్పుడూ ఆన్‌లో ఉండటం అలవాటు, ఇక్కడ అదే నేరం. నువ్వు ఎత్తలేదని మీ అమ్మ కంగారు పడకుండా నేను చూసుకుంటాను. నైట్ కాల్ వస్తుందని తెలిస్తే మధ్యాహ్నం పడుకోవాల్సిందే, ఇంట్లో ఏ పేరంటమున్నా సరే. నీ గది కిటికీకి దళసరి కర్టెన్ కుట్టించమని మీ అమ్మతో చెప్పాను. ఆల్కహాల్ కలిసిన దగ్గుమందులు డ్యూటీకి ముందు తాగకు, డ్యూటీ ఎక్కేటప్పుడు సైన్ ఆన్ దగ్గర ఊదే మిషన్ ఊరుకోదు. నిద్ర తెప్పించే జలుబు మాత్రలూ వద్దు.

నా జి అండ్ ఎస్‌ఆర్ పుస్తకం, అదే రైల్వే రూల్స్ పుస్తకం, అడుగుతావని తెలుసు. ఇస్తాను, కానీ అది పాతది, నేను రిటైరయ్యాక వచ్చిన కరెక్షన్ స్లిప్పులు అందులో లేవు. దాచుకోవడానికి అది ఉంచుకుని, చదవడానికి ట్రైనింగ్ సెంటర్‌లో ఇచ్చేదే చదువు. మెడికల్ తేదీ రాగానే ఈసారైనా ముందు నాకు చెప్పు. లాలాగూడ రైల్వే ఆసుపత్రి అయితే నేనూ వస్తాను. ముందురోజు రాత్రి నైట్ డ్యూటీ వేయించుకోకు, కళ్లు అలిసిపోయి ఉంటే అక్షరాలు అలుక్కుపోతాయి. సెలవు ఇవ్వనంటే మీ సీఐ గారితో నేను మాట్లాడనా? వద్దులే, నువ్వే మాట్లాడు. గట్టిగా అడుగు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య