కకాషీ బొమ్మ తీసేయనా అక్కా?

ప్రశ్న: అక్కా, మాది కావలి. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నా, రోజూ రైల్లో పోయొస్తా. తొమ్మిదో తరగతిలో ‘నరుటో’ అనే జపాన్ కార్టూన్ సిరీస్ చూసి, అందులోని కకాషీ అంటే పడిచచ్చాను. ఇంటర్‌లో ‘అటాక్ ఆన్ టైటాన్’ లీవై వచ్చాడు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ కొత్త సినిమా తెలుగులో చూశాక పాతవన్నీ వెతుక్కుని చూశా. ఇప్పుడు రెంగోకు! రైల్లో టిఫిన్ బాక్సు తెరిస్తే చాలు, ముద్దముద్దకీ ‘ఉమై’ (భలే రుచి) అనే అతని కేకే. నాకు నిలకడ లేదంటోంది నా ఫ్రెండు. బీరువా తలుపు లోపల కకాషీ బొమ్మ ఇంకా ఉంది. చూస్తే ద్రోహం చేసినట్టుంటుంది. తీసేయనా?

జవాబు: తీయొద్దు తల్లీ. నేను ఒంగోల్లో చదివేటప్పుడు ట్రంకుపెట్టె మూతకి అంటించిన బొమ్మని ఇలాగే సిగ్గుపడి చింపేశా. నాలుగు మూలలా అన్నం మెతుకుల మరకలు మిగిలాయి. ఇప్పటికీ పెట్టె తెరిస్తే చూపు అక్కడికే పోతుంది.

నీ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూశాను. కకాషీ రోజూ ఆలస్యంగా వచ్చి తన దగ్గర నేర్చుకునే పిల్లలకు ఏదో సాకు చెప్తాడు కదా, అంతసేపూ ఎక్కడ నిలబడి ఉంటాడు? చనిపోయిన స్నేహితుడి పేరున్న రాయి దగ్గర. లీవైకి మురికంటే గిట్టదు, తుడిచిన గదిని ఎరెన్ అనే కుర్రాడి చేత మళ్ళీ తుడిపిస్తాడు. అలాంటివాడు, కొనఊపిరితో ఉన్న సైనికుడి నెత్తురు చేతిని గట్టిగా పట్టుకుంటాడు. ఆ సీను దగ్గర నేను ఫోను పక్కన పెట్టేసి కాసేపు ఊరికే కూర్చున్నా. ఇక రెంగోకు, రాక్షసుడి చేతిలో పడ్డ రైల్లోని రెండొందల మందిలో ఒక్కర్నీ పోనివ్వకుండా తను పోయాడు.

పడిపోయినవాళ్ళని వదలని మనిషే నీకు ప్రతిసారీ నచ్చుతున్నాడమ్మా. ఇంతకన్నా నిలకడ ఏం కావాలి? మీ ఫ్రెండుకి ఈ మాట చెప్పు.

ఇంకోటి. కకాషీకి గొంతిచ్చిన కజుహికో ఇనోవే, లీవైకి గొంతిచ్చిన హిరోషి కమియా ‘నాత్సుమే యూజిన్‌చో’ అనే ఇంకో సిరీస్‌లో కలిసే ఉంటారు. ఆయన బొద్దుపిల్లికి, ఈయన నాత్సుమే అనే కుర్రాడికి. జపనీస్ ఆడియోతోనే చూడు. కావలిలో రైలెక్కి మొదలుపెడితే నెల్లూరు దిగేలోపు ఒక ఎపిసోడ్ అయిపోతుంది. ఎలా ఉందో నాకు రాయి.