అమ్మలూ, బ్లాస్టాయిడ్‌ల పనిలో దిగే ముందు

అమ్మలూ,

స్టెమ్ సెల్ ల్యాబ్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. మొన్న బొబ్బిలి వెళ్తే అమ్మమ్మ నన్ను పట్టుకుని "గాజు గిన్నెలో పిల్లల్ని పుట్టిస్తాదేటే ఇది?" అంది. నవ్వకు. నిన్నూ అందరూ ఇదే అడుగుతారు.

నేను ఉడుపుల లెక్కలో చెప్పాను. ఊడ్చిన నారు నాటుకుందో లేదో వారంలో తేలిపోతుంది కదా, కడుపులోనూ అంతే, ఆరేడు రోజులకల్లా పిండం గర్భసంచి గోడకి అంటుకోవాలి, చాలా గర్భాలు ఆ దశలోనే, నెల తప్పిందని తెలిసేలోపే పోతాయి. లోపల జరిగేది చూడలేం కాబట్టి మూలకణాలతో పిండంలాంటి నమూనా చేసి బయట చూస్తాం. 2021లో వచ్చిన మానవ బ్లాస్టాయిడ్‌లు అవే. పిల్లలు కారు.

ఇక పని. కణాల్ని నైవ్ స్థితిలోకి, అంటే పిండం తొలి రోజుల్లోని స్థితిలోకి తెచ్చుకో, కాస్త ముందుకెళ్లిపోయిన మామూలు ప్రైమ్డ్ కణాలతో మాయగా మారాల్సిన పొర సరిగా రాదు. కణాల్లో కంటికి కనబడకుండా చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం చేసే పరీక్ష వాయిదా వెయ్యకు, నేను ఒకసారి వేసి ఎనిమిది నెలల పని సింకులో పోసుకున్నాను. సిరిమాను పండక్కి వస్తానని ఇంట్లో మాటిచ్చే ముందు ఆ రోజు కణాల పోషక ద్రవం (మీడియా) ఎవరు మారుస్తారో చూసుకో!

గుండ్రంగా ఉంది, లోపల నీటి గది ఉంది అని మురిసిపోకు. మాయ కణాలు అనుకున్నవి తీరా చూస్తే ఉమ్మనీటి సంచి కణాల్లా ఉన్న సందర్భాలున్నాయి, అసలు పిండాల జన్యు డేటాతో పోల్చాకే నమ్ము.

అందరూ బ్లాస్టాయిడ్ వెంటే పరుగెడుతున్నారు, నాకది నచ్చదు. నారు ఎంత బాగున్నా దమ్ము చెయ్యని మడిలో ఏం నాటుకుంటుంది? వియన్నాలో బ్లాస్టాయిడ్‌లు చేసే శాస్త్రవేత్త రివ్రాన్ బృందం చూపించిందీ అదే, గర్భాశయ పొర కణాలకి ముందు హార్మోన్లు ఇస్తేనే బ్లాస్టాయిడ్‌లు అంటుకున్నాయి. ఆ పొరని ఆర్గనాయిడ్‌లుగా, అంటే గిన్నెలో పెరిగే బుల్లి అవయవ నమూనాలుగా పెంచడం 2017 నుంచే ఉంది, నువ్వు ముందు అది నేర్చుకో.

పిండాల్ని 14 రోజులు దాటి పెంచకూడదని మన దేశంలో నియమం. నీవి నమూనాలే అయినా మీ సంస్థలో పరిశోధనల్ని పరిశీలించే కమిటీ అనుమతి చేతికొచ్చాకే మొదలుపెట్టు.

ఆర్గనాయిడ్‌ల కోసం గర్భాశయ పొర ముక్క ఇచ్చే ఆడవాళ్లతో ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ ఫారం తెలుగులో రాసి తీసుకురా, అమ్మమ్మకి చదివి వినిపిద్దాం, ఆవిడకి అర్థమైతేనే వాడు.

పెద్దమ్మ, శ్రీకాకుళం