సందేహాలు – సమాధానాలు: రంపం ఎందుకు తడిసింది?

సందేహం: పిల్లల కోసం పక్షుల పుస్తకం ఒకటి అనువదిస్తున్నాను. ‘నార్తర్న్ సా-వెట్ ఔల్’ అనే చిన్న గుడ్లగూబను యంత్రం ‘ఉత్తర తడిరంపపు గుడ్లగూబ’ అంది. దీన్ని ‘పైడికంటి’ అనవచ్చా? ‘కోనిఫెరస్ ఫారెస్ట్స్’ అన్నచోట ‘శంఖాకార అడవుల్లో ఉంటుంది’ అనడం సరైనదేనా?

సమాధానం: యంత్రం చెవితో విన్నట్టుంది! ఇక్కడి ‘వెట్’ తడి కాదు, స్పెల్లింగులో ఒక హెచ్ ఎక్కువున్న మరో మాట. దాని అర్థం పదును పెట్టడం. ఈ పక్షి కూతల్లో ఒకటి రంపం పళ్ళకి పదును పెడుతున్న చప్పుడులా వినిపించి ఆ పేరొచ్చింది. అది ఏ కూత అన్నదానిపై పక్షిశాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు.

‘సానరంపం’ అనీ అనకండి. కత్తికి సాన, రంపానికి ఆకురాయి. పేరుకే అది రాయి. నిజానికి గరుకు గాట్లున్న ఉక్కు కడ్డీ. వడ్రంగులు మూడుపలకల దానితో రంపం పళ్ళను ఒక్కొక్కటే అరగదీస్తారు. కాబట్టి ‘ఆకురాయి గుడ్లగూబ’ అనండి. ‘ఆకురాయి ఉలూకం’ అంటే వ్యాకరణం అడ్డుచెప్పదు గాని చెవికి పొసగదు. రెండోసారి నుంచి ‘ఆకురాయి గూబ’ చాలు. మొదటిసారే ఒట్టి ‘గూబ’ అంటే ‘గూబ గుయ్యిమంది’లోని చెవి అనుకునే ప్రమాదముంది.

‘నార్తర్న్’ను వదిలేయవచ్చు. మధ్య అమెరికాలోని దీని దగ్గరి చుట్టం కూడా పుస్తకంలో ఉంటేనే ఆ విశేషణం అవసరం. ‘ఉత్తరాది’ అంటే మాత్రం మనవాళ్ళకి ఢిల్లీ గుర్తొస్తుంది.

‘పైడికంటి’ వద్దు. అది మన దగ్గరుండే మరో చిన్న గుడ్లగూబ పేరు. పైడి అంటే బంగారం. రెండింటి కళ్ళూ పసుపే, పొడవూ రమారమి 20 సెంటీమీటర్లే. అయినా ప్రజాతులు వేరు: మన ఊళ్ళలో చెట్టుతొర్రల్లో ఉండే చుక్కల పిట్ట అథీని, ఇది ఏగోలియస్. ఆ పేరు వింటే తెలుగు పాఠకుడు ఈ పక్షి ఉండే కెనడాకి వెళ్ళడు, ఊరి చింతచెట్టు దగ్గరే ఆగిపోతాడు.

ఇక ‘శంఖాకార’ అచ్చుల్లో తరచూ కనిపించే తప్పు. శంఖం ఊదేది. పైన్ కాయ ఆకారం శంకువు. శంకు + ఆకార = శంక్వాకార, యణాదేశ సంధి. అలా దిద్దినా ‘శంక్వాకార అడవి’ అంటే అడవే ఆ ఆకారంలో ఉందన్న అర్థం వస్తుంది. ‘శంకుధారి వృక్షాల అడవులు’ సరైనదే గాని పిల్లలకి బరువు. ‘పైన్, స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్లున్న అడవులు’ అంటే బొమ్మ కట్టినట్టుంటుంది.

అన్నట్టు, రాత్రి తిరిగేదని ‘నిశాచరి’ అనేరు, పిల్లలు రాక్షసి అనుకుంటారు.